పట్టేసిన భుజం – ఒక లెక్కల టీచరు ప్రాజెక్టు డైరీ

2024 జులై 7, ఆదివారం

పదో తరగతి పిల్లలతో ఏటా ప్రాజెక్టు పనులు చేయించి మార్కులు వేయడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఈసారి నా ఎడమ భుజమే ప్రాజెక్టు అయి కూర్చుంది. అందుకని పిల్లలకు చెప్పే పద్ధతిలోనే తేదీలు వేసి, కొలతలు రాసి, చేసిన తప్పులను కూడా కొట్టివేయకుండా ఈ నోటుబుక్కులో పెడుతున్నాను.

ఏప్రిల్‌లో జవాబు పత్రాల మూల్యాంకనం ముగిసిన వారంలో భుజంలో సన్నగా నొప్పి మొదలైతే, రోజంతా బల్ల మీదికి వంగి కూర్చున్నందువల్ల వచ్చిందిలే అనుకున్నాను. మే నెలలో ఎడమ పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా మెలకువ వచ్చేది. జూన్‌లో బడులు తెరిచాక, దేవరకొండ రోడ్డు బస్సులో పైకమ్మీ పట్టుకుందామని చెయ్యి ఎత్తబోతే, తలుపు వెనక ఎవరో బల్ల అడ్డం పెట్టినట్టు అది సగంలోనే ఆగిపోయింది. జడ వేసుకోవడం, రైక హుక్కులు పెట్టుకోవడం, చీర కొంగు వెనక నుంచి తెచ్చుకోవడం ఒక్కొక్కటిగా మానుకుంటూ వచ్చి, చివరికి మా బిడ్డ చేత జడ వేయించుకొని బడికి పోయిన రోజున గాని డాక్టరు దగ్గరికి పోవాలని తోచలేదు.

నల్లగొండలో చూపించుకున్న ఎముకల డాక్టరు గారు చేసిన పరీక్ష చిన్నదే గాని, అందులోని తర్కం నాకు నచ్చింది. మొదట నన్నే చెయ్యి ఎత్తమన్నారు. తరువాత నన్ను పూర్తిగా వదులుగా ఉండమని తానే ఎత్తి చూశారు. రెండుసార్లూ చెయ్యి ఒకేచోట ఆగింది. భుజాన్ని కదిపే స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడులాంటిది) తెగినవారికి సొంతంగా చెయ్యి లేవకపోయినా పక్కవారు ఎత్తితే సాధారణంగా లేస్తుందట. కీలే బిగుసుకుపోయినవారికి ఎవరు ఎత్తినా లేవదు. ఆ తరువాత మోచేతిని నడుముకు ఆనించి ఉంచి, ముంజేతిని బయటి వైపు తిప్పమన్నారు. కుడి చెయ్యి తలుపు రెక్కలా తెరుచుకున్నది, ఎడమ చెయ్యి బెత్తెడు కూడా కదలలేదు. "ఇదే దీని గుర్తు, మేడం. అన్నిటికన్నా ముందు పోయేది ఈ తిప్పుడే" అన్నారు. భుజం ఎక్స్‌రేలో ఏ తేడా కనిపించలేదు. జబ్బు పేరు ఫ్రోజెన్ షోల్డర్.

మాది మర్రిగూడ వైపు పల్లె. గూడ పట్టిందని ఫోనులో చెప్పగానే అమ్మ, "నీళ్ల రోగమే బిడ్డా, మీ నాయిన కీళ్లు గిట్లనే పట్టినయ్" అన్నది. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన తరం మాది కాబట్టి ఆ భయం నాకూ లోపల ఉన్నదే. డాక్టరు గారు ఆ మాటను తోసిపుచ్చకుండా ముంజేతికి కూడా ఎక్స్‌రే తీయించారు. ఎముకల ఫ్లోరోసిస్‌లో ఎముక మామూలు కంటే దట్టంగా కనిపిస్తుందనీ, ముంజేతిలోని రెండు ఎముకల నడుమ ఉండే పొరలో సున్నం పేరుకుంటుందనీ, అది వెన్నునూ మెడనూ ఇతర కీళ్లనూ ఏళ్ల తరబడి మెల్లగా పడుతుంది తప్ప మూడు నెలల్లో ఒక్క భుజాన్ని ఇలా బిగించదనీ ఫిలిం వెలుతురుకు పట్టి వివరించారు. నా ముంజేయి ఫిలిం శుభ్రంగా ఉన్నది. అమ్మను ఒప్పించడానికి మాత్రం మూడు ఫోన్లు పట్టింది.

రక్త పరీక్ష దగ్గరే అసలు సంగతి బయటపడింది. థైరాయిడ్ బాగానే ఉన్నది గాని, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9 వచ్చింది, అంటే షుగరు అదుపులో లేదు. సాధారణ జనంలో వందకు ఇద్దరు నుంచి అయిదుగురికి వచ్చే ఈ జబ్బు, షుగరు ఉన్నవారిలో పదిమంది నుంచి ఇరవైమంది దాకా వస్తుందని చెబుతారు. నలభై, అరవై ఏళ్ల నడుమ వయసు, ఆడమనిషి, షుగరు: ఈ మూడూ నాకు ఉన్నవే. వయసునూ పుట్టుకనూ మార్చలేను కాబట్టి, ప్రాజెక్టులో నా చేతిలో ఉన్న చలరాశి ఒక్కటే.

2024 జులై 21

కొలవలేని దానిని మెరుగైందని గాని చెడిందని గాని చెప్పలేము. ఫిజియోథెరపీ గదిలో గోనియోమీటర్ అనే రెండు చేతుల స్కేలుతో కొలుస్తారు. నా దగ్గర బోర్డు మీద వాడే పెద్ద చెక్క కోణమానిని ఉన్నది. దాని కేంద్రం దగ్గర రంధ్రం చేసి, మేస్త్రీలు వాడే తూకం గుండును సన్నని దారంతో వేలాడదీశాము. కోణమానిని అంచును పై చేతికి ఆనించి పట్టుకుంటే దారం ఏ అంకె మీద నిలిచిందో అదే కోణం. బయటి తిప్పుడుకు తూకం గుండు పనికిరాదు, ఎందుకంటే ఆ కదలిక నేలకు సమాంతరంగా జరుగుతుంది. దానికి బల్ల మీద చార్టు కాగితం అంటించి డిగ్రీల గీతలు గీశాము. మోచేయి కేంద్రం మీద, ముంజేయి సున్నా గీత మీద పెట్టి తిప్పాలి.

మొదటి ఆదివారం ముందుకు ఎత్తినప్పుడు 110 డిగ్రీలు వచ్చి సంతోషపడ్డాను. పక్కన నిలబడి చూస్తున్న మా బిడ్డ, "అమ్మా, నువ్వు చెయ్యి లేపుతలేవ్, వీపునే లేపుతున్నవ్" అన్నది. నిజమే. కీలు కదలనప్పుడు వీపు మీది రెక్క ఎముక పైకి జరిగి, నడుము వెనక్కి వంగి, చెయ్యి లేచినట్టు కనిపింపజేస్తాయి. కుర్చీలో నిటారుగా కూర్చొని, మా వారు ఆ రెక్క ఎముకను అరచేత్తో అదిమి పట్టుకున్నాక కొలిస్తే నికరంగా వచ్చింది 85. పక్కకు ఎత్తడం 60. బయటి తిప్పుడు 10. వెనక్కి పెడితే బొటనవేలు పిరుదు దాటి పోలేదు. మొదటి అంకె పక్కన "తప్పు" అని ఎర్ర సిరాతో రాసి, అట్లాగే ఉంచాను.

నియమాలు ఇవి: వారానికి ఒక్కసారే, ఆదివారం ఉదయం వేడినీళ్ల స్నానం అయ్యాక, ఒకే క్రమంలో మూడేసి సార్లు కొలిచి సగటు వేయాలి. ఇంటి పరికరంతో అయిదు డిగ్రీల దాకా పొరపాటు ఉంటుంది కాబట్టి, అంతకు తక్కువ పెరిగినా తరిగినా మారలేదనే లెక్క. ఈ చివరి నియమం పెట్టుకోకపోతే ప్రతి ఆదివారం పండుగో ఏడుపో అయ్యేది.

లోపల ఏం జరిగిందో మా వారికి చెప్పడానికి రైకను ఉదాహరణగా తీసుకున్నాను. భుజం కీలు చుట్టూ సంచిలాంటి పొర ఒకటి ఉంటుంది. చెయ్యి ఎత్తడానికి వీలుగా దాని అడుగున, చంక వైపు, కొంత వదులు మడత ఉంటుంది. దర్జీ ఆ వదులు ఉంచకుండా చంక దగ్గర బిగించి కుట్టిన రైక వేసుకుంటే చెయ్యి ఎంత ఎత్తగలమో, వాచి, దళసరెక్కి, ముడుచుకుపోయిన ఆ పొర లోపల చెయ్యి అంతే లేస్తుంది. మామూలు కీలు సంచిలో ఇరవై, ముప్పై మిల్లీలీటర్ల ద్రవం పడుతుంది. పట్టేసిన కీలులో పది, పన్నెండు పట్టడం కూడా కష్టమే.

2024 ఆగస్టు 4

చేతిని కప్పీతో పైకి లాగితే త్వరగా వదులవుతుందని నాకు నేనే నిర్ణయించుకున్నాను. ఊళ్లో మా చేదబావి పూడిపోయి చాలా ఏళ్లయింది గాని, దాని ఇనుప గిలక అమ్మ ఇంటి అటక మీద ఉండిపోయింది. తమ్ముడు దాన్ని బస్సులో పంపించాడు. తలుపు పైన గోడకు కొక్కెం దించి వేలాడదీశాము. చూడటానికి ఘనంగానే ఉన్నది గాని, తుప్పు పట్టిన ఇరుసు వల్ల తాడు మొదట కదలదు, తరువాత ఒక్కసారిగా జారుతుంది; ఆ కుదుపు నేరుగా భుజానికి తగులుతుంది. ఘర్షణ గురించి ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న మనిషికి ఇది ముందే తట్టవలసింది. ప్రకాశం బజారులో బేరింగు ఉన్న చిన్న కప్పీ, నైలాను తాడు కలిపి 180 రూపాయలకు కొన్నాను. పట్టుకోవడానికి తాడు రెండు కొసలకూ పాత నీళ్ల పైపు ముక్కలు తొడిగాను.

బిగించిన మరునాడే ఫిజియోథెరపీ అబ్బాయికి ఫొటో చూపిస్తే అతను నవ్వి, "మేడం, ఇప్పుడు గుంజుడు కాదు, ఊపుడు" అన్నాడు. నొప్పి రాత్రుళ్లు కూడా లేపుతున్న దశలో కీలును సాగదీయబోతే వాపు ఇంకా పెరుగుతుందట. కుడి చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, ఎడమ చేతిని వేలాడదీసి, ఒంటితో ఊపుతూ చెయ్యి తనంతట తాను చిన్న వలయాలు తిరగనివ్వడమే ఈ దశకు తగిన వ్యాయామం. అది అచ్చంగా లోలకం. అమెరికాలోని బోస్టన్ శస్త్రవైద్యుడు కాడ్‌మన్ పేరిట ఈ వ్యాయామం ప్రసిద్ధం. 1934లో ఈ జబ్బుకు ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు పెట్టినదీ ఆయనే. నిర్వచించడమూ, నయం చేయడమూ, వివరించడమూ మూడూ కష్టమేనని ఆనాడే రాశాడాయన.

కప్పీ కొత్తదే అయినా దానికి ఒక గుడ్డ చుట్టి పెట్టాను.

2024 ఆగస్టు 25

ఈ ఎంట్రీ రాయడం ఇష్టం లేదు, కాని తప్పులు కూడా ఉంటాయని మొదటి పేజీలో మాట ఇచ్చాను.

బంధువుల ఇంటికి పెళ్లికి పోయినప్పుడు, పక్క ఊళ్లో కీళ్లు సరిచేసే మనిషి ఉన్నాడని, ఒక్క గుంజుకు గూడ వదులైపోతుందని వదిన బలవంతం చేసింది. "ఎంతమందికి బాగైంది వదినా, నువ్వే చదువుకున్నదానివని ఎనుకకు పోతవా?" అంటే మాట కాదనలేకపోయాను. అతను నూనె రాసి, చంకలో మోకాలు పెట్టి, మణికట్టు పట్టుకొని లాగాడు. నేను వేసిన కేకకు బయట కూర్చున్నవాళ్లు లోపలికి వచ్చారు. ఆ తరువాత మూడు రాత్రులు కుర్చీలోనే కూర్చొని తెల్లవార్చాను. ఈ ఆదివారం కొలతలు: ముందుకు 80, పక్కకు 55, బయటికి 5.

వదిన మీద కోపం లేదు. జారిన కీలును లాగి కూర్చోబెట్టే పని ఆ మనిషికి వచ్చి ఉండవచ్చు. కాని నా కీలు జారలేదు, పొర ముడుచుకున్నది. డాక్టరు గారు కేకలు వేయకుండా ఒక పరిశోధన గురించి చెప్పారు. నెదర్లాండ్స్‌లో 77 మంది రోగులను రెండు జట్లుగా పెట్టి, ఒక జట్టుకు నొప్పి హద్దు దాటించి గట్టిగా సాగదీసే చికిత్స చేశారు. మరో జట్టుకు నొప్పి రానంత మేరకే కదిలించుకోమని చెప్పి, ధైర్యం చెప్పి వదిలారు. 2004లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం రెండేళ్లకు మెల్లగా కదిలించిన జట్టులో 89 శాతం మంది, గట్టిగా సాగదీసిన జట్టులో 63 శాతం మంది దాదాపు మామూలు స్థితికి వచ్చారు. అతి చిన్న పరిశోధనే, నిజమే. అయినా నా మూడు రాత్రుల అనుభవానికి అది సరిపోలింది.

2024 సెప్టెంబరు 15

ఇక ఏ చికిత్స అన్నది తేల్చుకోవలసిన సమయం. హెచ్‌బీఏ1సీ 7.8కి దిగింది, అన్నం తగ్గించి రాత్రిపూట జొన్నరొట్టెకు మారడం, బడి నుంచి వచ్చాక పానగల్లు చెరువు కట్ట మీద నడవడం, డాక్టరు గారు మార్చిన మందు, మూడూ కలిసి చేసిన పని ఇది. రాత్రి నొప్పి మాత్రం తగ్గలేదు. నేను అడిగిన ప్రశ్నలన్నిటికీ డాక్టరు గారు ఓపికగా జవాబు చెప్పారు; ఇంటికి వచ్చి వాటిని నాకు అర్థమైన వరుసలో రాసుకుంటున్నాను.

ఏమీ చేయకుండా ఊరుకోవడం ఒక దారి. ఈ జబ్బు మూడు దశల్లో నడుస్తుందని అంటారు: నొప్పి పెరుగుతూ కీలు బిగుసుకునే దశ, నొప్పి తగ్గినా బిగువు మిగిలే దశ, మెల్లగా వదులయ్యే దశ. మొత్తం కలిపి ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టవచ్చు. దానంతట అదే పోతుందని అందరూ చెప్పే మాట సగమే నిజం. చాలామందికి పని జరిగేంత వరకు వస్తుంది గాని, కొందరికి ఏళ్ల తరువాత కూడా కొంత బిగువు మిగిలిపోతుంది, షుగరు ఉన్నవారిలో అది ఎక్కువ. పైగా ఊరుకోవడం అంటే రాత్రి నిద్ర లేకుండా ఊరుకోవడం, నిద్ర లేకపోతే షుగరు కూడా మాట వినదు.

కీలు లోపలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ రెండో దారి. స్టెరాయిడ్ అనగానే మా స్టాఫ్ రూంలో అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ భయానికి కారణం ఏళ్ల తరబడి మాత్రలుగా మింగినవారిని చూసి ఉండటం. ఇక్కడ ఒక్క మోతాదు నేరుగా వాపు ఉన్న చోటికే పోతుంది. పొర ఇంకా వాచి ఉన్న తొలి దశలో ఇది నొప్పిని బాగా తగ్గిస్తుంది, ముఖ్యంగా మొదటి కొన్ని వారాల్లో. వాపు పోయి మచ్చలా గట్టిపడిన తరువాత వేయించుకుంటే దానికి చేయడానికి పెద్దగా పని ఉండదు. అంటే ఇందులో మందు ఎంత ముఖ్యమో తేదీ అంత ముఖ్యం. నాకు ఉన్న చిక్కు షుగరు: ఇంజెక్షన్ తరువాత కొన్ని రోజులు అది పెరుగుతుంది.

ఉప్పునీటిని స్టెరాయిడ్‌తోనూ తిమ్మిరి మందుతోనూ కలిపి కీలులోకి ఒత్తిడితో ఎక్కించి, ముడుచుకున్న సంచిని లోపలి నుంచే ఉబ్బించే పద్ధతి మూడోది. రైక ఉదాహరణలో చెప్పాలంటే, బిగువైన రైకను కుట్లు విప్పకుండా తడిపి సాగదీయడం. ఆలోచన నాకు నచ్చింది. కాని మామూలు ఇంజెక్షన్‌తో పోలిస్తే ఎంత అదనపు మేలు అన్న విషయంలో వైద్యులలోనే ఏకాభిప్రాయం లేదు. అందుకని మొదటి మెట్టుగా తీసుకోలేదు.

మత్తు ఇచ్చి, కండరాలు పూర్తిగా వదులైనప్పుడు డాక్టరే చేతిని తిప్పి పొరను తెంచడం నాలుగోది. రెండు, మూడు చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి పొరను కోసి వదులు చేయడం అయిదోది. నాలుగోదానిలో అరుదుగానే అయినా పై చేతి ఎముక విరగడం, స్నాయువు తెగడం జరగవచ్చు. అయిదోదానిలో ఎక్కడ కోస్తున్నామో కళ్లతో చూస్తూ కోస్తారు. అయితే కీలు అడుగునే ముఖ్యమైన నరం ఒకటి పోతుంది కాబట్టి నేర్పు కావాలి. రెండింటి తరువాతా వెంటనే వ్యాయామం మొదలుపెట్టకపోతే తెగిన పొర మళ్లీ అతుక్కుంటుంది. ఈ రెండింటినీ, ఇంజెక్షన్‌తో కూడిన ఫిజియోథెరపీనీ పోల్చి బ్రిటన్‌లో 503 మందిపై చేసిన పరీక్ష 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఏడాది తరువాత చూస్తే మూడు జట్ల మధ్యా రోగికి తెలిసేంత పెద్ద తేడా లేదు. కెమెరా ఆపరేషన్ జట్టులో ప్రమాదాలు కొంచెం ఎక్కువ.

లెక్కల మనిషిగా ఇక్కడ ఆలోచన తేలికైంది. చివరి ఫలితం దగ్గర దగ్గరగానే ఉన్నప్పుడు, తక్కువ నష్టంతో వెనక్కి తిరిగే వీలున్న దారినే ముందుగా పట్టాలి. ఇంజెక్షన్ వేయించుకున్నాక ఆపరేషన్‌కు పోవచ్చు. కోసిన పొరను కోయనిదిగా చేయలేము. పైగా నేను ఇంకా నొప్పి దశలోనే ఉన్నాను, ఇంజెక్షన్‌కు సరైన తేదీ దాటిపోలేదు. దసరా సెలవుల్లో వేయించుకుందామని ఖాయం చేసుకున్నాను.

2024 అక్టోబరు 10, సద్దుల బతుకమ్మ

3వ తేదీన ఇంజెక్షన్ అయింది. అల్ట్రాసౌండ్ తెర మీద సూది దారి చూసుకుంటూ 40 మిల్లీగ్రాముల ట్రయామ్‌సినోలోన్ అనే స్టెరాయిడ్ కీలులోకి ఎక్కించారు. సూది నొప్పి నేను ఊహించినంత లేదు, ఆ రాత్రి భుజం మాత్రం బాగా సలిపింది.

షుగరు పట్టీ: ఇంజెక్షన్‌కు ముందు పరగడుపున 138. ఆ సాయంత్రం అన్నం తిన్న రెండు గంటలకు 290. మరునాటి ఉదయం 214, ఆ తరువాత 220, 196, 171, 158, నిన్న 144. 300 దాటి నిలిస్తే ఫోను చేయమన్నారు, ఆ అవసరం రాలేదు. ముందే చెప్పి ఉండకపోతే 290 చూసి నేను ఆసుపత్రికి పరుగెత్తేదాన్నే. ఇంజెక్షన్‌కు పోయే షుగరు రోగి ఇంట్లో మీటరూ, వారం రోజులకు సరిపడా పరీక్ష స్ట్రిప్పులూ ముందే పెట్టుకోవాలి.

అయిదో రాత్రి నుంచి నిద్ర పట్టింది. ఏప్రిల్ తరువాత తెల్లవారేదాకా ఏకధాటిగా పడుకున్నది అప్పుడే. ఈ సాయంత్రం బతుకమ్మను మాత్రం మా బిడ్డే తల మీద పెట్టుకొని నడిచింది. తంగేడు, గునుగు పేర్చడం నేనే చేశాను. చప్పట్లు కొట్టడానికి చేతులు ఛాతీ ఎత్తుకు వస్తే చాలు కాబట్టి ఆటలో లోటు తెలియలేదు.

2024 నవంబరు 10

కప్పీకి చుట్టిన గుడ్డ విప్పాను. కుర్చీని తలుపుకు వీపు పెట్టి వేసుకొని, కుడి చేత్తో మెల్లగా లాగుతూ ఎడమ చేతిని పైకి తీసుకుపోయి, బిగువు తగిలిన చోట పది లెక్కపెట్టి దించడం. రోజుకు రెండు పూటలు. బయటి తిప్పుడుకు వెల్లకిలా పడుకొని, రెండు చేతులా కర్ర పట్టుకొని, కుడి చేత్తో ఎడమ ముంజేతిని బయటికి నెట్టడం. గోడ మీద వేళ్లు పాకించడానికి సుద్దముక్కతో గీతలు గీసి తేదీలు వేస్తున్నాను.

ఫిజియో అబ్బాయి పెట్టిన హద్దు నాకు అన్ని వ్యాయామాల కంటే ఎక్కువ పనికొచ్చింది: చేసిన తరువాత వచ్చిన నొప్పి అరగంటలో దిగిపోవాలి, ఆ రాత్రి నిద్ర చెడకూడదు, చెడితే మరునాడు సగమే చేయాలి. వదిన చూపించిన ఆ మనిషి దగ్గర లేనిదీ, ఈ అబ్బాయి దగ్గర ఉన్నదీ ఈ ఒక్క నియమమే.

ముందుకు 115, పక్కకు 85, బయటికి 20. వెనక బొటనవేలు వెన్నును అందుకున్నది కాబట్టి కొత్త కొలత మొదలైంది: మెడ కింది పొడుచుకు వచ్చిన ఎముక నుంచి బొటనవేలి దాకా 44 సెంటీమీటర్లు. ఇది తగ్గుతూ పోవాలి.

2024 డిసెంబరు 29

ముందుకు 118, పక్కకు 88, బయటికి 20, వెనక 43. ఏడు వారాల్లో మారినది నా పొరపాటు హద్దును దాటలేదు, అంటే ఏమీ మారలేదు. నొప్పి దాదాపు లేదు. గట్టిగా అడ్డం పడే బిగువే మిగిలింది. రెండో దశ అంటే ఇదే కాబోలు.

మత్తు ఇచ్చి తిప్పించుకోవడం గురించి మళ్లీ అడిగాను. మార్చిలో పదో తరగతి పరీక్షలు, ఆలోపు అయిపోతే బాగుండుననే తొందర నాది. డాక్టరు గారు నా నోటుబుక్కును ముందు నుంచి తిరగేసి, బయటి తిప్పుడు 5 నుంచి 20కి వచ్చిన గీతను వేలితో చూపించి, "ఇది ఆగింది, వెనక్కి పోలేదు. ఇంకో మూడు నెలలు చూద్దాం. అప్పటికీ ఇక్కడే ఉంటే నేనే చేస్తాను" అన్నారు. రెండో ఇంజెక్షన్ మాట కూడా వచ్చింది గాని, రాత్రి నొప్పి లేని మనిషికి దానివల్ల వచ్చే లాభం తక్కువ, షుగరు మీద పడే భారం మాత్రం మొదటిసారిలాంటిదే కాబట్టి వద్దనుకున్నాము. గడువు తేదీని మార్చి 30, ఉగాది అని రాసి, చుట్టూ గీత గీశాను.

ఫలితం చెప్పని ఏడు వారాల వ్యాయామం విసుగు పుట్టిస్తుంది. మానేద్దామనిపించిన రోజులు పదకొండు, నిజంగా మానేసినవి నాలుగు.

2025 ఫిబ్రవరి 16

132, 105, 32, 37. సంక్రాంతి ముగ్గుల వారంలో ఎప్పుడో కదలిక మొదలైంది. ఏ రోజు, ఏ వ్యాయామం వల్ల అన్నది కొలతల్లో దొరకదు. పొర దానంతట అది వదులవడం మొదలుపెట్టి, ఆ వచ్చిన చోటును కప్పీ నిలబెట్టిందని నా అంచనా. కప్పీయే అంతా చేసిందని రాసుకుంటే ఏడు వారాలు అదే కప్పీ ఎందుకు చేయలేకపోయిందో చెప్పవలసి వస్తుంది.

స్నానం తరువాత తువ్వాలును వీపు వెనక నిలువుగా పట్టుకొని, కుడి చేత్తో పైకి లాగి ఎడమ చేతిని ఎక్కించే వ్యాయామం చేరింది. అన్నిటికన్నా మొండిది ఈ కదలికే.

2025 ఏప్రిల్ 20

ఉగాది గడువు దాటింది. ఆ రోజు కొలతలు చూసి డాక్టరు గారు మత్తు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ వారం 145, 125, 42, 32. మూల్యాంకనానికి పోయినప్పుడు గంటకొకసారి లేచి నిలబడి లోలకం ఊపుతుంటే పక్క బల్ల సారు ఏమిటని అడిగారు. ఆయనకూ ఎడమ భుజమే, మూడు నెలలుగా, మాత్రలు మింగి ఊరుకున్నారు. షుగరు చూపించుకున్నారా అని అడిగితే లేదన్నారు. నా కోణమానిని సంగతి తరువాత, ముందు అది చూపించుకొని రమ్మన్నాను.

2025 జూన్ 8

బడులు తెరవడానికి నాలుగు రోజులు. ఎడమ: ముందుకు 155, పక్కకు 140, బయటికి 50, వెనక 28 సెంటీమీటర్లు. హెచ్‌బీఏ1సీ 7.0. జడ నేనే వేసుకుంటున్నాను. రైక హుక్కులకు ఇంకా తిప్పలు పడుతున్నాను. బస్సులో పైకమ్మీ అందుతుంది గాని, బ్రేకు వేసినప్పుడు ఎడమ చేతి మీద బరువు పడనివ్వను.

ఒకసారి తగ్గిన భుజానికి ఇది మళ్లీ రావడం అరుదే గాని, రెండో భుజానికి రావడం అంత అరుదేమీ కాదట. అందుకని ఈ రోజు నోటుబుక్కులో కొత్త నిలువు వరుస గీసి, నెలకొకసారి కుడి భుజాన్ని కూడా కొలవడం మొదలుపెట్టాను. కుడి: 172, 170, 68, 20. మూడేసి సార్లు, సగటు.

కుడి రెక్క ఎముకను అదిమి పట్టింది మా బిడ్డ.